సలహా ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

(దాచేపల్లిలో ముస్లిం చిరువ్యాపారులు, చేతివృత్తులవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మమ్మల్ని పిలిచినవారు రుణాల గురించి చెప్పమన్నారు. మేము రుణాల గురించి కొంచెమే చెప్పి, సలహా గురించి ఎక్కువ చెప్పదలచుకున్నాము. రుణం దొరకక మూతపడిన దుకాణాలు మన బజారులో ఉన్నాయి. రుణం దొరికిన తరువాత దానిని ఏ పనికి పెట్టాలో, ఏ పనికి పెట్టకూడదో చెప్పేవారు లేక మూతపడినవి వాటికంటే తక్కువేమీ లేవు. మొదటి దానికి మనం ప్రభుత్వాన్ని నిలదీస్తున్నాము, నిలదీయాలి కూడా. రెండవ దానిని మాత్రం నసీబు అని సరిపెట్టుకుంటున్నాము.

2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక వచ్చింది. అందులో మన బ్రతుకుతెరువుకు సంబంధించిన మాటలు రెండు ఉన్నాయి. ముస్లింలలో నెల జీతం మీద బ్రతికేవారు తక్కువ, సొంత పని మీద, చిన్న వ్యాపారం మీద బ్రతికేవారు ఎక్కువ అన్నది ఒకటి. అయినప్పటికీ బ్యాంకు రుణాలలో వారి వాటా జనాభాలోని వాటాకు తగినట్లు లేదన్నది రెండవది. రెండవ మాట పట్టుకొని ఎన్నో సభలు జరిగాయి, వినతిపత్రాలు ఇచ్చారు. మొదటి మాటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు. జీతగాడు పొరపాటు చేస్తే పై అధికారి మెమో ఇస్తాడు. దుకాణదారు పొరపాటు చేస్తే మెమో ఇచ్చేవారెవరు? ఖాతాదారు ఒక్క మాట అనకుండా పక్క దుకాణానికి వెళ్లిపోతాడు. ఎందుకు వెళ్లాడో మనకు తెలియదు. ఇంతమంది సొంత పనుల మీద ఆధారపడిన సమాజంలో, పనిని బయటినుండి చూసి నిజం చెప్పే మనిషి లేకపోవడం చిన్న లోటు కాదు.

మేము ఉద్యోగకాలంలో గుమాస్తాగా దరఖాస్తుల కట్టలు విప్పి కట్టిన వారము. ఒక కార్యాలయంలో సబ్సిడీ రుణాల ఫైళ్లు చూసినప్పుడు ఒక సంగతి కనిపించేది. నలభై దరఖాస్తులు ఉంటే నలభై ప్రాజెక్టు రిపోర్టులూ ఒకే జిరాక్సు. పేరు, ఊరు మాత్రమే మారేవి. కిరాణా దుకాణానికీ అదే లాభం, కుట్టుమిషనుకూ అదే లాభం. ఒక దానిలో మటన్ దుకాణం పెట్టబోయే వ్యక్తి ఖర్చులలో దాణా, పశువైద్యం కూడా రాసి ఉన్నాయి. పాల గేదెల కాగితాన్ని దిద్దకుండానే జత చేశారన్నమాట. ఆ కాగితం రాసిన దళారి తన రుసుము తీసుకొని వెళ్లిపోయాడు. దరఖాస్తుదారు దానిని చదవనే లేదు. సలహా తీసుకున్నానని మాత్రం ఆయన నమ్మకం.

కాబట్టి దళారి వేరు, సలహాదారు వేరు. ఇంగ్లీషులో మెంటర్ అనే మాట ఈమధ్య అందరి నోటా వినబడుతోంది. తెలుగులో మార్గదర్శి అనవచ్చు గాని, ఆ మాట వినగానే మన ఇళ్లలో చిట్టీపాట గుర్తుకొస్తుంది! అందుచేత సలహాదారు అనే అంటాము. మనకు అప్పు ఇచ్చేవాడు, సరుకు అమ్మేవాడు, మన రుణం మంజూరైతే కమీషను వచ్చేవాడు, ఈ ముగ్గురూ మంచివారే కావచ్చు, వారి మాటలో నిజమూ ఉండవచ్చు. అయినా వారిని సలహాదారుగా పెట్టుకోరాదు. మనం అప్పు తీసుకోకపోతే వారికి నష్టం. మనం ఏమి నిర్ణయించినా తనకు లాభం గాని నష్టం గాని లేనివాడే మనకు కావలసిన మనిషి.

మిరప సంగతే చూడండి. ధర తగ్గినప్పుడల్లా "కోల్డ్ స్టోరేజీలో పెట్టు, మూడు నెలలు ఆగు, పెరుగుతుంది" అనేవారు మన చుట్టూ ఎందరో. అన్నవారిలో కొందరికి ఆ నిల్వ మీదనే ఆదాయం. 2025లో ధర ఎంతగా పడిందంటే, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమే మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అంతకుముందు హెచ్చు ధరకు కొని నిల్వ చేసిన చిరు వ్యాపారి పరిస్థితి ఏమిటి? సలహా ఇచ్చినవారు అద్దె తీసుకున్నారు. సరుకు మీద పెట్టిన సొమ్ములో ఇంటావిడ నగలు కూడా ఉన్నాయి. సలహాకోరుతనం, సలహాలోని స్వార్థం ఏమి చేయగలవో పల్నాటివారికి వేరే చెప్పాలా? కారంపూడి మనకు దూరమేమీ కాదు.

ఇక సరైన సలహా అంటే ఎలా ఉంటుందో, మాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి కొంచెం వివరంగా చెబుతాము. వారి పేరు అనవసరం.

నూర్‌బాషా కుటుంబం. తాతలు భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకినవారు. తండ్రి మిషను పెట్టాడు. ఇప్పుడు తండ్రీ కొడుకులు పరుపుల దుకాణం నడుపుతున్నారు. ఫోము పరుపులు వచ్చి గిరాకీ తగ్గింది. కొడుకు కొత్త మిషను కొనాలని, మూడు లక్షల రుణం కావాలని మా వద్దకు వచ్చాడు. కాగితాలు రాయడం మాకు చేతనవును. మిషను అవసరమా కాదా చెప్పడం మా వల్ల కాదు. అందుచేత గుంటూరులో చాలా ఏళ్లు పరుపుల వ్యాపారం చేసి, పని పిల్లలకు అప్పగించిన ఒక పెద్దమనిషి వద్దకు తీసుకువెళ్లాము. ఆయన మన మతస్థుడు కాడు. మన ఊరివాడూ కాడు. ఊరివాడు కాకపోవడమే మేలైంది, పోటీ భయం లేదు.

ఆయన మొదట టీ తెప్పించాడు, తరువాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఉన్న మిషను సంవత్సరంలో ఎన్ని రోజులు తిరుగుతుంది? కుర్రవాడు చెప్పలేకపోయాడు. తండ్రి వేళ్ల మీద లెక్కపెట్టి, పెళ్లిళ్ల నెలలలో రోజూ తిరుగుతుందని, వానాకాలంలో దూది తేమ పట్టి వారానికి రెండు రోజులు కూడా తిరగదని చెప్పాడు. అయితే సగం కాలం ఖాళీగా ఉండే మిషను పక్కన ఇంకొక మిషను ఎందుకు? దానికీ జవాబు లేదు. ఉద్దెర ఎంత ఉంది? ఇది అడగగానే తండ్రి కొడుకు వంక, కొడుకు గోడ వంక చూశారు. లెక్క తీస్తే బయట నిలిచిపోయిన బాకీలే రుణమడిగిన సొమ్ములో సగానికి దగ్గరగా ఉన్నాయి. చివరగా, దూది ఎప్పుడు కొంటారు అని అడిగాడు. పెళ్లి ఆర్డరు వచ్చినప్పుడు కొంటున్నారు. పత్తి తీతలు ముమ్మరంగా సాగి సరుకు దండిగా ఉన్నప్పుడు కొనడానికి చేతిలో డబ్బు ఉండదు.

ఆయన ఇచ్చిన సలహా మిషను కొనవద్దని. ఆర్డరు తీసుకున్నప్పుడే సగం బయానా తీసుకోమన్నాడు. సీజనులో దూది కొనడానికి సరిపడా మాత్రమే చిన్న రుణం తీసుకోమన్నాడు. వానాకాలం ఖాళీగా కూర్చోకుండా హాస్టళ్లకు, లాడ్జీలకు పాత పరుపులు విప్పి, ఏకి, మళ్లీ కుట్టే పని పట్టుకోమన్నాడు.

ఈ నాలుగూ ఫలించాయని చెబితే అది కథ అవుతుంది. బయానా పద్ధతి పనిచేసింది. పాత ఖాతాదారులు ఇద్దరు ముగ్గురు అలిగారు గాని బాకీలు పెరగడం ఆగింది. దూది కొనుగోలూ కలిసివచ్చింది. హాస్టళ్ల పని మాత్రం బెడిసికొట్టింది. పని చేయించుకున్నవారు బిల్లు నెలల తరబడి ఇవ్వలేదు. కుర్రవాడు కోపంతో ఇక ఆయన ముఖం చూడనన్నాడు. తండ్రి బలవంతాన మళ్లీ తీసుకువెళ్లాడు. పెద్దాయన విని, పరుపుల రకం, పని తీరు అడిగి, "మా గుంటూరులో వారానికి ఇచ్చేవారు, మీ వైపు అలా లేదన్నమాట, ఆ పని వదిలేయండి, లాడ్జీలది మాత్రం రొక్కానికి చేయండి" అన్నాడు. ఈ రెండవసారి వెళ్లడం మాకు ముఖ్యంగా తోచింది. సలహాదారుకు కూడా మన ఊరు తెలియవలసి ఉంటుంది. ఫలితం తిరిగి చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. మనవారు చాలామంది ఒకసారి అడిగి, అది కుదరకపోతే సలాం కూడా మానేస్తారు.

ఈ పని మన తెలుగు నేలకు కొత్తది కాదు. 1964లో కాకినాడ చిన్న వ్యాపారులను కొందరిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు పిలిపించి పది రోజుల పాటు శిక్షణ ఇచ్చారు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం జరిపిన ప్రయోగం అది. ఇప్పుడు యూసుఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉన్నది ఆ సంస్థే. ఆయన శిక్షణలో ఒక ఆట ఉండేది. గుంజ పాతి దాని మీదకు వలయాలు విసరమనేవారు. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. గుంజకు ఆనుకొని నిలబడేవాడు కొందరు, అందనంత దూరాన నిలబడి అదృష్టం మీద విసిరేవారు మరికొందరు. కష్టమైనా తగిలే అవకాశం ఉన్న మధ్య దూరం ఎంచుకునేవాడు వ్యాపారానికి పనికివస్తాడని ఆయన భావన. తరువాతి సంవత్సరాలలో ఆ కాకినాడ వ్యాపారులు ఎలా ఉన్నారో వెళ్లి చూస్తే, శిక్షణ పొందనివారి కంటే చురుకుగా పెట్టుబడులు పెట్టారని, ఎక్కువ మందికి పని కల్పించారని తేలింది. సంప్రదాయ విశ్వాసాలు అందుకు అడ్డు కాలేదని కూడా ఆ ప్రయోగం నుండి చెబుతారు. టోపీ, గడ్డం, బురఖా ఉన్నవారికి వ్యాపార దృష్టి ఉండదని ఎవరైనా మనతో అన్నప్పుడు కాకినాడ మాట చెప్పవచ్చు.

సరిగ్గా అదే 1964లో అమెరికాలో, పదవీ విరమణ చేసిన అధికారులు చిరు వ్యాపారులకు ఉచితంగా సలహా ఇచ్చేందుకు స్కోర్ అనే సంస్థ ఏర్పడింది. నేటికీ నడుస్తోంది. మన దేశంలో 1992లో జె.ఆర్.డి. టాటా అండతో లక్ష్మీ వెంకటేశన్ గారు భారతీయ యువశక్తి ట్రస్టును స్థాపించారు. ఒక్కొక్క యువకునికి, యువతికి ఒక్కొక్క సలహాదారును జతచేయడం దాని పద్ధతి. హైదరాబాదు ప్రాంతంలోనూ అది పనిచేసింది. దాచేపల్లి దాకా అటువంటివి రాలేదు. వచ్చేదాకా ఊరుకోవాలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ప్రభుత్వం తరఫున ఉన్నవి ఏవంటే, జిల్లా పరిశ్రమల కేంద్రాలు 1978 నుండి ఉన్నాయి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెటి నమూనా అది. ఆ శిక్షణ పొందినవారిని తరువాత రెండు సంవత్సరాల పాటు కనిపెట్టి ఉండి సహాయం చేయడం వాటి విధి. మనవాళ్లు శిక్షణ పూర్తి కాగానే సర్టిఫికెట్టు తీసుకొని ఇంటికి వస్తారు. ఆ రెండు సంవత్సరాల మాట అడగరు. అడగండి. దయతో చేసే పని కాదది, వారి విధుల్లో భాగం. మిరపపొడి, పచ్చళ్ల వంటి ఆహార యూనిట్లకు కేంద్ర ప్రభుత్వ పథకంలో జిల్లా రిసోర్సు పర్సన్లు ఉన్నారు. ప్రాజెక్టు రిపోర్టు, లైసెన్సు, బ్యాంకు పనులలో తోడు ఉండడానికి వారికి పారితోషికం పథకం నుండే వస్తుంది. అటువంటప్పుడు జిరాక్సు దళారికి వేలు ఎందుకు ఇవ్వాలి?

ఫైళ్లలో చదివినవారికి తప్ప తెలియని చిన్న సంగతులు రెండు మూడు చెప్పాలి, వీటిని చెప్పగలిగినవాడు మంచి సలహాదారు అని గుర్తు పెట్టుకోండి. పి.ఎం.ఇ.జి.పి. పథకంలో మైనారిటీలు ప్రత్యేక వర్గం కింద వస్తారు. సబ్సిడీ గ్రామాలలో 35 శాతం, పట్టణాలలో 25 శాతం. దాచేపల్లి నగర పంచాయతీ అయిన తరువాత మీ షెడ్డు ఏ లెక్కలోకి వస్తుందో దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మీ పేర బ్యాంకులో మూడు సంవత్సరాలు డిపాజిట్టుగా ఉండి, యూనిట్టు నడుస్తున్నదని తేలాక అప్పుకు జమ అవుతుంది. సబ్సిడీ డబ్బుతో చెల్లెలి పెళ్లి చేద్దామనుకున్న యువకులను మేము చూశాము, అందుకే ఇంతగా చెబుతున్నాము. పి.ఎం. విశ్వకర్మ పథకంలో దర్జీలు, మంగలి వృత్తివారు, తాళాలు చేసేవారు ఉన్నారు. 18 వృత్తుల ఆ జాబితాలో దూది ఏకి పరుపులు కుట్టే వృత్తి లేదు. ఇది సలహాతో తీరేది కాదు, అర్జీతో తీరవలసినది. ఆ అర్జీ మీద ఈ రోజు సంతకాలు కూడా తీసుకుందాము.

ఇంకొకటి మన ఊరికే ప్రత్యేకమైనది. జీఎస్టీ నలభై లక్షల అమ్మకాల లోపు అక్కరలేదని అందరూ చెబుతారు. సరుకు అమ్మేవారికి మన రాష్ట్రంలో అది నిజమే. కాని మన పొందుగుల దాటితే వాడపల్లి, అది తెలంగాణ. మరొక రాష్ట్రానికి పన్ను వర్తించే సరుకు అమ్మేవారికి ఆ నలభై లక్షల మినహాయింపు సాధారణంగా వర్తించదు. మిర్యాలగూడ దుకాణాలకు మిరపపొడి ప్యాకెట్లు వేద్దామనుకునే సోదరి ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్న పెద్ద సలహాదారుకు ఈ ప్రశ్న తట్టకపోవచ్చు. సరుకు కృష్ణ దాటుతుందా అని అడిగేవాడు మన ఊరు తెలిసినవాడు.

రోజువారీ ఫైనాన్సు గురించి చెప్పకుండా వదలలేము. పదివేలు రాసుకొని, వెయ్యి ముందే పట్టుకొని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యే కదా పోయింది" అనుకుంటాము. కట్టిన ప్రతి వందతో అసలు తగ్గుతూ ఉంటుంది గనుక, సరిగా లెక్కగడితే ఆ వెయ్యి సంవత్సరానికి నూటికి డెబ్బయి అయిదుకు పైబడిన వడ్డీ. బండి మీద పండ్లు అమ్మే సోదరునికి ఇంత వడ్డీ కట్టి మిగిలే లాభం ఉంటుందా? బ్యాంకు వడ్డీ వద్దని ధర్మభీతితో దూరంగా ఉండేవారిని మేము గౌరవిస్తాము. ఆ మాట సలహాదారుకు మొదటిరోజే చెప్పండి. అప్పుడు ఆయన వాటాదారును చూపుతాడు, లేదా సరుకు వాయిదా మీద ఇచ్చేవారిని చూపుతాడు, లేదా వ్యాపారాన్ని ఉన్న సొమ్ముకు తగినట్లు కుదించమంటాడు. చెప్పకుండా దాచి, అటు బ్యాంకుకు వెళ్లక, ఇటు రోజువారీ ఫైనాన్సు కార్డులు మూడు జేబులో పెట్టుకొని తిరగడం మాత్రం ఏ విధంగానూ సబబు కాదు. వైద్యుని వద్ద, వకీలు వద్ద దాచరాదంటారు. ఈ మూడవవానిని కూడా ఆ జాబితాలో చేర్చండి.

ఎలా అడగాలో చెప్పి ముగిస్తాము. "నా వ్యాపారం బాగుపడే మార్గం చెప్పండి" అని అడిగితే ఎవరైనా "కష్టపడు, ఓపిక పట్టు, దువా చేయి" అంటారు. అందులో తప్పు లేదు గాని, దానికోసం బస్సెక్కి వెళ్లనక్కరలేదు. ముప్పై రోజులు ఏమి అమ్మారో, ఏమి కొన్నారో, ఇంటికి ఎంత వాడారో, ఎవరికి ఉద్దెర పెట్టారో రాసి తీసుకువెళ్లండి. అక్షరం రానివారు బడికి వెళ్లే పిల్లలచేత రాయించండి. ఇంటి ఖర్చు దుకాణం గల్లా నుండి తీసేది మనలో అందరమూ. అది కూడా రాయాలి. మిరపపొడి చేసే సోదరీమణులు కిలో కాయలు తొడిమలు తీసి, ఎండబెట్టి, పట్టించి, ఎంత పొడి వచ్చిందో ఒకసారి తూచి రాయండి. కిలోకు కిలో రాదు. తొడిమలు తీసిన మీ శ్రమకు కూలి కూడా లెక్కలో వేయండి. అంతా రాశాక ఒకే ప్రశ్న అడగండి. ధర పెంచాలా, రెండవ మనిషిని పెట్టుకోవాలా, ఈ గది ఖాళీ చేసి చిన్న గదికి మారాలా, అలాంటిది. ప్రశ్న చిన్నదైతే జవాబు పనికివస్తుంది.

జవాబు విన్నాక నిర్ణయం మీదే. సంప్రదింపు అనే అర్థంగల షూరా పేరుతో ఖుర్ఆనులో ఒక అధ్యాయమే ఉంది. మష్వరా మన సంస్కృతికి కొత్త కాదు. మష్వరా ఇచ్చినవాడి మీద నష్టం మోపడం మాత్రం మన ఊళ్లలో కొత్తగా చూస్తున్నాము. అలా అయితే రేపు ఎవరూ నోరు విప్పరు. సలహా ఇచ్చేవారికి కూడా ఒక మాట. మీరు విన్న లెక్కలు అమానతు. ఫలానా వానికి ఇంత బాకీ ఉందట అని మసీదు మెట్ల మీద మాట్లాడుకున్న రోజున ఈ ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది.

సోదరీమణుల విషయం వేరుగా ఆలోచించాలి. ఇంట్లో కుట్టుపని చేసే ఆడబిడ్డ పరాయి మగవాని ముందు కూర్చొని ఆదాయం లెక్కలు చెప్పలేకపోవచ్చు. అందుకు ఆమెను తప్పు పట్టకుండా మనమే ఏర్పాటు చేయాలి. నరసరావుపేటలో సొంతంగా కుట్టు కేంద్రం నడుపుతున్న ఒక సోదరి రెండు నెలలకొకసారి రావడానికి అంగీకరించారు. ఆమెతో పాటు పదవీ విరమణ చేసిన బ్యాంకు అధికారి ఒకరు, పిడుగురాళ్లలో వర్క్‌షాపు నడిపే మిత్రుడు ఒకరు ఒప్పుకున్నారు. ముగ్గురూ రుసుము తీసుకోరు, అప్పు ఇప్పించరు, ఎవరికీ జామీను ఉండరు. ఈ మూడు షరతులు మేమే పెట్టాము.

వచ్చే నెల మొదటి ఆదివారం, జొహర్ నమాజు తరువాత ఈ హాలులోనే కూర్చుందాము. ఒక్కొక్కరికి అరగంట. మొదటిసారికి ఎనిమిది మందికి మించి వద్దు, పరుపులు, కుట్టుపని, మెకానిక్ షెడ్లవారికి ముందు అవకాశం. పేర్లు ఇక్కడ తలుపు దగ్గర రాయించండి. నోటుబుక్కు లేకుండా వచ్చినవారిని మళ్లీ రమ్మని పంపుతాము, ఏమీ అనుకోవద్దు. రోజువారీ ఫైనాన్సు కార్డులు ఉన్నవారు అవి కూడా తీసుకురావాలి, అన్నీ.